మోటార్ వైండింగ్ షాపు వెనక రాట్‌వైలర్: పది నెలల ప్రాజెక్టు డైరీ

మాది నల్గొండ జిల్లా హాలియా దగ్గర మోటార్ వైండింగ్ షాపు. ముందు షాపు, వెనక ఇల్లు, మధ్యలో పదడుగుల సందు. సాగర్ ఎడమ కాల్వ కింద నాట్లు మొదలయ్యాయంటే కాలిన మోటార్లు భుజాన వేసుకుని రైతులు తెల్లారకముందే వస్తారు. అలాంటి ఇంటికి 2024 ఏప్రిల్‌లో మూడేళ్ల మగ రాట్‌వైలర్ కుక్క వచ్చింది. పేరు బ్రూనో. అమ్మకు నోరు తిరగక పూర్ణ అంటుంది.

అంతకుముందు హైదరాబాద్‌లో మా బామ్మర్ది దగ్గర ఉండేవాడు. 2024 మార్చి 12న కేంద్ర పశుసంవర్ధక శాఖ 23 జాతుల కుక్కల పెంపకం, అమ్మకం ఆపమని రాష్ట్రాలకు లేఖ రాసింది. అందులో రాట్‌వైలర్ ఉంది. అపార్ట్‌మెంట్ వాళ్లు ఆ లేఖను ప్రింటు తీసి లిఫ్టులో అతికించారట. ఏప్రిల్‌లో కర్ణాటక, ఢిల్లీ హైకోర్టులు ఆ లేఖను కొట్టేశాయి. అప్పటికే బ్రూనో ట్రాలీ ఆటోలో మా వాకిట్లో దిగాడు.

చుట్టుపక్కల ముగ్గురు నలుగురు పెద్ద కుక్కలు పెంచుతున్నారు. "నువ్వేం చేశినవ్, ఎంతయింది" అని అడుగుతుంటే రాసి పెడుతున్నా. కొలతలు, ఖర్చులు షాపు నోటుబుక్కులోవే.

మొదటి దశ: గొలుసు (ఏప్రిల్ – జులై)

అందరూ చేసేదే చేశాను. వేపచెట్టుకు కట్టేశాను. రాగి తీగ తూచే కాంటా మీద వాణ్ణి ఎత్తుకుని నిలబడి, నా బరువు తీసేస్తే 46.4 కిలోలు వచ్చింది. గొలుసు పొడవు 1.8 మీటర్లు. అంటే వాడు తిరగగలిగే చోటు పది చదరపు మీటర్లు.

నెల తిరిగేసరికి చెట్టు చుట్టూ గుండ్రంగా నేల పొడి అయిపోయింది. మే ఎండలో నీడ ఎటు జరిగితే అటు జరిగేవాడు, నీడ గొలుసు దాటితే ఎండలోనే పడి ఉండేవాడు. రోడ్డు మీద మనిషి కనిపిస్తే చాలు గొలుసు చివరిదాకా ఉరికి, మెడ పట్టేసి వెనక్కి పడేవాడు. రోజుకు ముప్ఫై నలభైసార్లు. మనిషి కనబడ్డప్పుడల్లా మెడ నొప్పి. ఇంక మనుషుల్ని ఎట్లా ఇష్టపడతాడు? కుక్కను పొట్టి గొలుసుతో గంటలకొద్దీ కట్టేయడం, తిప్పకుండా ఎప్పుడూ కట్టే ఉంచడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం కింద నేరమని కూడా నాకు తర్వాతే తెలిసింది.

జులై 9, ఉదయం 6.10. ఒక పెద్దాయన ఒకటిన్నర హెచ్‌పీ మోటారు భుజాన పెట్టుకుని సందులోకి వచ్చాడు. గొలుసు తెగలేదు. గొలుసు చివరి కొక్కెం నాలుక విరిగింది. బ్రూనో ఆయన పిక్క పట్టుకుని, నేను అరిచేసరికి వదిలాడు. ప్యాంటు చిరిగింది. కింద చర్మం రెండు చోట్ల గీరుకుంది, రక్తం రాలేదు.

ఆ రోజు చేసింది:

1. కుళాయి కింద సబ్బుతో గడియారం చూసి 15 నిమిషాలు కడిగాం. పక్కింటామె పసుపు తెచ్చింది, పెట్టనివ్వలేదు.
2. సర్కారు దవాఖానకు తీసుకెళ్లాను. రక్తం రాలేదు కాబట్టి రేబీస్ టీకా చాలన్నారు. రక్తం వచ్చి ఉంటే గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబులిన్ (రేబీస్‌ను వెంటనే అడ్డుకునే మందు) కూడా ఇవ్వాలట. టీకా రెండు చేతులకూ 0.1 మి.లీ. చొప్పున చర్మంలోకి, నాలుగు తేదీలు: జులై 9, 12, 16, ఆగస్టు 6. నాలుగుసార్లూ నేనే బండి మీద తీసుకెళ్లాను.
3. బ్రూనో రేబీస్ టీకా కార్డు చూపించాను. అయినా పది రోజులు కుక్కను గమనించమన్నారు.

ఆయన కొడుకు కేసు పెడతానన్నాడు. పెట్టినా నేను చెప్పడానికేం లేదు. జంతువును అజాగ్రత్తగా ఉంచితే భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, లేదా 5,000 దాకా జరిమానా, లేదా రెండూ. ఆ చట్టం అమల్లోకి వచ్చి అప్పటికి ఎనిమిది రోజులే. పెద్దాయనే కొడుకును ఆపాడు. "కుక్కదేముంది బిడ్డా, కొక్కెం నీది గదా" అన్నాడు. తిట్టి ఉంటే ఇంకా నయం అనిపించింది.

సాయంత్రం కొక్కెం చేతిలో పెట్టుకుని చూశాను. పోత లోహం, పైన మెరుపు పూత. పత్తి బస్తాలు తూచే డిజిటల్ వేలాడే కాంటాను తాడు మధ్యలో కట్టి బ్రూనోతో లాగించాను. తాడు బిగువుగా ఉంటే 31 కిలోలు. మీటరు వదులుంచి ఉరికిస్తే 58 కిలోలు. మా ఆవిడ బరువు 54. వాణ్ణి ఎవరు బయటికి తీసుకెళ్లాలో ఆ అంకెతోనే తేలిపోయింది. ఇప్పటికీ నేను తప్ప ఎవరూ తీసుకెళ్లరు. కొక్కెం బదులు బోల్టు బిగించే స్టీలు డి-షేకిల్ (డి ఆకారపు కొలికి) వేశాను.

*ఖర్చు: గొలుసు, కొక్కెం, షేకిల్ 480, పెద్దాయన ప్యాంటు, పోను రాను ఖర్చులు 2,100. మొత్తం 2,580.*

రెండో దశ: ట్రైనర్ (ఆగస్టు – సెప్టెంబరు). ఇది చేయకండి

ఈ దశ గురించే ఎక్కువ రాయాలి. పైకి ఇదొక్కటే సక్సెస్ అయినట్టు కనిపించింది.

వేరే ఊరి నుంచి ఒకాయన వారానికి రెండు రోజులు వచ్చాడు. లోపలికి ముళ్లున్న ఇనుప పట్టీ వేయించాడు. మనిషి కనబడగానే బ్రూనో గుర్రుమంటే పట్టీ ఒక్క గుంజు గుంజాలి, "నో" అనాలి. మూడు వారాలకు గుర్రుమనడం పూర్తిగా ఆగిపోయింది. ఇల్లు నిశ్శబ్దం. నేను ఆయనకు ఇంకో ఇద్దరి నంబర్లు కూడా ఇచ్చాను, సిగ్గు లేకుండా.

సెప్టెంబరు 14. బ్రూనో గిన్నె ముందు కూర్చుని ఉన్నాడు. తల నిమురుదామని చెయ్యి పెట్టాను. గుర్రు లేదు, పళ్లు చూపించలేదు, ఏమీ లేదు. నా మణికట్టు వాడి నోట్లో ఉంది. ఒక్క క్షణం. వదిలేశాడు. చర్మం తెగలేదు, నాలుగు గుంటలు పడ్డాయి, రాత్రికి నీలంగా తేలాయి. నన్ను చూసి వాడే భయపడి మంచం కిందికి దూరాడు.

మా దగ్గరికి వచ్చే మోటార్లలో చాలావాటికి ఒకటే కథ. ఓవర్‌లోడ్ రిలే (లోడు ఎక్కువైతే కరెంటు తెంచి మోటారును ఆపేది) ఊకె ట్రిప్ అవుతోందని రైతు దాన్ని తీసేసి డైరెక్ట్ చేస్తాడు. ట్రిప్ కావడం ఆగిపోతుంది. పది రోజులకు వైండింగ్ కాలి నా దగ్గరికి వస్తుంది. "రిలే ఎందుకు తీశినవ్" అని రైతుల్ని పదిహేనేళ్లుగా తిడుతున్నాను. బ్రూనోకు నేను చేసింది అదే. లోపల లోడు అట్లనే ఉంది, గుర్రును మాత్రం పీకేశాను.

పట్టీ ఆ రాత్రే తీసేశాను. మళ్లీ గుర్రుమనడానికి 24 రోజులు పట్టింది. అక్టోబరు 8న గ్యాస్ సిలిండర్ మోసుకొచ్చిన అబ్బాయిని చూసి చిన్నగా గుర్రుమన్నాడు. నోటుబుక్కులో ఆ తేదీ కింద రెండు గీతలు గీశాను. ఇప్పుడు వాడు గుర్రుమంటే తిట్టను. నేనే అక్కణ్ణుంచి వాణ్ణి పక్కకు తీసుకెళ్తాను.

*ఖర్చు: ట్రైనర్ 6,000, పట్టీ 450. మొత్తం 9,030.*

మూడో దశ: చెవి

తల ముట్టుకుంటేనే ఎందుకు? సెప్టెంబరు 16న పశువుల డాక్టరుకు చూపించాను. కుడి చెవిలో చీము. లోపల ఎర్రగా వాచి ఉంది, వాసన కూడా. ఎన్నాళ్ల నుంచో ఉండి ఉంటుందన్నారు. అంటే పట్టీ గుంజిన ప్రతిసారీ ఆ చెవి కిందే గుంజాను.

రోజుకు రెండుసార్లు చుక్కల మందు, 21 రోజులు. మందు వేసే పద్ధతి కూడా నేర్చుకోవాల్సి వచ్చింది: సీసా చూపించి ఉడికించిన కార్జం ముక్క, సీసా చెవికి ఆనించి ముక్క, నాలుగో రోజుకు గానీ చుక్క వేయలేదు. 21 రోజులయ్యాక తల నిమిరితే కళ్లు మూసుకుంటున్నాడు.

ఎవరైనా నన్ను అడిగితే వరుస ఇది: ముందు పశువుల డాక్టరు, తర్వాత కంచె, ఆ తర్వాత శిక్షణ. నేను తలకిందులుగా చేశాను.

*ఖర్చు: 1,350. మొత్తం 10,380.*

నాలుగో దశ: దొడ్డి (సెప్టెంబరు ఆఖరు – అక్టోబరు)

ఇంటి వెనక గోడకు ఆనించి 9 మీటర్లు, 5 మీటర్లు. 45 చదరపు మీటర్లు, గొలుసు ఇచ్చిన చోటుకు నాలుగున్నర రెట్లు. గోడ వైపు తీసేస్తే కంచె 19 మీటర్లు, అంటే 62 అడుగులు.

1. ఎనిమిదడుగుల కడీలు (కంచె స్తంభాలు) 12, రెండడుగులు లోపలికి పాతాం. మాది మొరం నేల, గడ్డపార దిగడానికే ఒక రోజు పట్టింది.
2. ఆరడుగుల ఎత్తు చైన్‌లింక్ జాలి. కడీకి నాలుగు చోట్ల తీగ కట్టు.
3. ఒక గేటు, వెల్డింగ్ షాపులో చేయించింది.

*ఖర్చు: కడీలు 4,200, జాలి 5,600, గేటు 3,600, కూలి 3,200. ఈ దశ 16,600. మొత్తం 26,980.*

పదకొండు రోజుల్లో మూడు లోపాలు బయటపడ్డాయి.

తవ్వడం. రెండో రాత్రే మూలలో 22 సెం.మీ. లోతు గుంత. జాలి అంచు మడిచి పైకి లేపాడు. మట్టి పూడ్చితే మళ్లీ తవ్వాడు. చివరికి జాలి వెంబడి లోపలి వైపు 2×2 అడుగుల తాండూరు బండలు 31 పరిచాను. కుక్క కంచె మొదట్లోనే తవ్వుతుంది, రెండడుగులు వెనక్కి జరిగి తవ్వాలన్న ఆలోచన దానికి రాదు. ఆ తర్వాత ఒక్క గుంత లేదు.

గేటు బయటికి తెరుచుకోవడం. రాట్‌వైలర్లు జర్మనీలో రాట్‌వైల్ పట్టణం కసాయివాళ్లు పశువుల్ని తోలడానికి వాడిన కుక్కలు. తోయడం వాటి రక్తంలో ఉంది. బ్రూనో ఛాతీతో తోస్తే గొళ్లెం వంగింది. గేటును తిప్పి లోపలికి తెరుచుకునేలా పెట్టించాను. ఇప్పుడు తోస్తే ఇంకా గట్టిగా మూసుకుంటుంది. కింద 14 సెం.మీ. సందు ఉండేది, యాంగిల్ ముక్క వెల్డ్ చేసి 4 సెం.మీ.కి తెచ్చాను.

జాలిలోంచి రోడ్డు కనిపించడం. సాయంత్రం 5 నుంచి 6 దాకా కూర్చుని లెక్కపెట్టాను: 41సార్లు ఉరికి మొరిగాడు. నాలుగడుగుల ఎత్తు దాకా పచ్చ షేడ్ నెట్ కట్టాను. మూడు రోజుల తర్వాత అదే గంటలో 12. రూ. 900తో ఇంత మార్పు వచ్చిన పని ఈ ప్రాజెక్టులో ఇంకోటి లేదు.

అయిదో దశ: రెండో గేటు

అమ్మ నీళ్ల బకెట్‌తో లోపలికి వెళ్తుంటే కాళ్ల సందులోంచి ఒకసారి బయటికి వచ్చేశాడు. ఆ టైంకి సందులో ఎవరూ లేకపోవడం మా అదృష్టం. అదృష్టం మీద నడిపితే అది గేటెందుకవుతుంది.

మోటారును అటూ ఇటూ తిప్పే ఫార్వర్డ్-రివర్స్ స్టార్టర్‌లో ఇంటర్‌లాక్ ఉంటుంది, ఒక కాంటాక్టర్ (కరెంటు కలిపే స్విచ్చు) పట్టి ఉంటే రెండోది పట్టదు. అదే లెక్కన గేటు ముందు ఇంకో గేటు. ఒకటి మూశాకే రెండోది తెరవాలి.

1. మొదట రెండు గేట్ల మధ్య 1.2 మీటర్లు పెట్టాను. బకెట్ పట్టుకున్న మనిషి లోపల నిలబడి వెనక గేటు మూయలేదు. కడీలు పీకి 1.8 మీటర్లకు జరిపాను.
2. రెండూ తెరిచి ఉంటే మోగేలా బజర్ పెట్టాను. కరెంటు పోయినప్పుడు మోగలేదు. తీసేశాను.
3. గేటు దానంతటదే మూసుకోవడానికి స్ప్రింగు పెట్టాను. తొమ్మిది రోజులకు సాగింది.
4. కప్పీ మీదుగా తీగ, చివర బరువుకు కాలిన మోటారు రోటర్ (లోపల తిరిగే భాగం) వేలాడదీశాను. గేటు దభీమని మూసుకుని నా మడమ కొట్టుకుపోయింది. అర హెచ్‌పీ మోటారుది చిన్న రోటర్ మార్చాను. ఇప్పటికీ అదే ఉంది.

*ఖర్చు: బండలు 3,500, రెండో గేటు 3,800, నెట్ 900, కూలి 1,600. మొత్తం 36,780.*

మధ్యలో ఒక మాట: పేరు

మా దగ్గర నల్లగా, లావుగా ఉన్న ప్రతి కుక్కా పిట్‌బుల్లే. "గిది సర్కారు బంద్ పెట్టిన కుక్క గదా" అని అడగని గిరాకీ లేడు. అదే బజారులో ఒక ఊరకుక్క ఈ ఏడాది ఇద్దర్ని కరిచింది. దాన్ని ఎవరూ జాతి పేరుతో పిలవలేదు, ఇప్పటికీ హోటల్ ముందు పడుకుంటుంది.

2022లో సైన్స్ పత్రికలో వచ్చిన ఒక పెద్ద జన్యు పరిశోధన ప్రకారం, ఒక కుక్క ప్రవర్తనకూ ఇంకో కుక్క ప్రవర్తనకూ ఉండే తేడాలో జాతి వంతు సుమారు 9 శాతమే. మా బామ్మర్ది దాన్ని పట్టుకుని "చూశావా బావా, మనోడు అమాయకుడు" అంటాడు. నేను ఒప్పుకోను. పామరేనియన్‌కు అదే కోపం వస్తే ప్యాంటు చిరుగుతుంది. 58 కిలోల లాగుడుకు చిన్నపిల్ల ఎదురైతే ఏమవుతుందో నేను లెక్క వేయదలచుకోలేదు. కోపం జాతితో వచ్చిందా లేదా అన్నది వేరే సంగతి, దవడ మాత్రం జాతితోనే వచ్చింది.

ఇంకో రకం మనుషులున్నారు. "కరిచిందటగా, పిల్లలు పెడితే ఒకటి మాకు" అని. నలుగురు అడిగారు. డిసెంబరులో ఆపరేషన్ చేయించేశాను. దానివల్ల భయం తగ్గదని డాక్టరు ముందే చెప్పారు. నాకు కావలసింది ఆ నలుగురికి సమాధానం.

*ఖర్చు: 4,500. మొత్తం 41,280.*

ఆరో దశ: మూతి చిక్కం

ఎద్దులకు కట్టే చిక్కం అందరికీ తెలుసు. కుక్కకు మొదట గుడ్డ పట్టీ కొన్నాను, 350. మూతిని బిగించేస్తుంది. కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు, ఒంటి వేడి ఎక్కువగా పోయేది నోరు తెరిచి వగరిస్తేనే. ఆరు నిమిషాలకే కళ్లు ఎర్రబడి, గోళ్లతో పీక్కుంటుంటే తీసేశాను. అది చెత్తలోకి.

బుట్ట రకం కొనే ముందు కొలవాలి. బ్రూనో మూతి పొడవు 10 సెం.మీ., చుట్టుకొలత 33. బుట్ట చుట్టుకొలత 41 ఉన్నది తీసుకున్నాను. లోపల నోరు బాగా తెరవగలగాలి, నీళ్లు తాగగలగాలి.

1. బుట్టలో కార్జం ముక్క వేసి నేల మీద పెట్టడం: 4 రోజులు.
2. చేతిలో పట్టుకుంటే వాడే మూతి పెట్టడం: 5 రోజులు.
3. పట్టీ మెడ వెనక్కి తెచ్చి వదిలేయడం: 4 రోజులు. రెండో రోజు తొందరపడి బకిల్ పెట్టాను, మళ్లీ ఒకటో అంకెకు వెళ్లాల్సి వచ్చింది. అవి ఇంకో 3 రోజులు.
4. బకిల్ పెట్టి అర నిమిషం నుంచి పది నిమిషాల దాకా: 6 రోజులు.

మొత్తం 22 రోజులు. ఇప్పుడు బుట్ట తీస్తే తిప్పడానికే అనుకుని తోక ఊపుతాడు. తోక అంటే వాడికి మిగిలిన మొండి.

*ఖర్చు: 350 + 1,450. మొత్తం 43,080.*

ఏడో దశ: దూరం (అక్టోబరు – జనవరి)

ముందు నోటుబుక్కు తిరగేశాను. ఉరికిన సందర్భాలు 23 రాసి ఉన్నాయి. 15 భుజం మీద ఏదో మోసేవాళ్ల మీద, 6 హెల్మెట్ వాళ్ల మీద, రెండింటికి కారణం రాయలేదు. వట్టి చేతులతో వచ్చినవాళ్ల మీద ఉరికినట్టు ఒక్కటీ రాసి లేదు. జులైలో పెద్దాయన భుజాన మోటారుంది. పదిహేను వరసలు రాసి కూడా అప్పటిదాకా గమనించలేదు నేను.

పద్ధతి సులువే. నా దగ్గర పని నేర్చుకునే పిల్లగాడు ఖాళీ మోటారు బాడీ భుజాన పెట్టుకుని దూరంగా కనిపిస్తాడు. కనిపించినంతసేపు కార్జం ముక్కలు. చాటుకు వెళ్లగానే ముక్కలు బంద్. బ్రూనో నోరు మూసి, ఒళ్లు బిగించి, బరువు ముందు కాళ్ల మీదికి తెచ్చాడంటే దూరం చాలలేదని. అయిదు మీటర్లు వెనక్కి.

వాడు బిగుసుకోకుండా ఉండగలిగిన దూరం, వారం చివర కొలిచింది:

- అక్టోబరు రెండో వారం: 45 మీటర్లు
- మూడో వారం: 38
- నాలుగో వారం: 30
- దీపావళి (అక్టోబరు 31) తర్వాత: 52. టపాసులకు రెండు రోజులు తిండి ముట్టలేదు.
- నవంబరు ఆఖరు: 27
- డిసెంబరు ఆఖరు: 16
- జనవరి ఆఖరు: 9

9 దగ్గర ఆగింది. మూడు వారాలుగా అంతే. ఇంకా తగ్గించాలని నేనూ చూడటం లేదు. దొడ్డి నుంచి షాపు కౌంటరు 13 మీటర్లు, కాబట్టి 9 చాలు.

ఇంకో మార్పు కుక్కకు కాదు, షాపుకు. సందు మొదట్లో రెండడుగుల ఎత్తు సిమెంటు దిమ్మె కట్టించాను, "మోటారు ఇక్కడ దించండి" అని రాసి. లోపలికి ఎవరూ భుజాన బరువుతో రారు. ఖర్చు 700. మొత్తం 43,780.

ఫిబ్రవరి 2025

జులై 9 తర్వాత బయటివాళ్లకు పన్ను తగిలింది: సున్నా. నాకు: ఒకసారి. దొడ్డి బయటికి వచ్చింది: ఒకసారి, రెండో గేటుకు ముందు.

ఈ నెల మొదటి వారంలో పెద్దాయన వచ్చాడు, అదే మోటారు, ఈసారి బేరింగు. దిమ్మె మీద దించి దొడ్డి వైపు చూశాడు. బ్రూనో లేచి నిలబడ్డాడు, ఒకసారి గుర్రుమని, వెళ్లి బండల మీద పడుకున్నాడు. ఆయన అక్కణ్ణుంచి కదలకుండానే టీ తాగాడు. ముద్దు చేస్తావా పెద్దయ్యా అని నేను అడగలేదు, ఆయనా దగ్గరికి పోలేదు.

మిగిలిన పని: దొడ్డిలో నీడకు వేసిన రేకు కింద మధ్యాహ్నం ఇప్పుడే 37 డిగ్రీలు చూపిస్తోంది. మా దగ్గర మే వస్తే 44, 45 మామూలే, పైగా వాడిది నల్ల ఒళ్లు. రేకు తీసి తాటాకు కప్పు వేయాలి, రెండో నీళ్ల తొట్టి కట్టాలి. లోపలి గేటు కింది మడత బందు తుప్పు పట్టింది, అది ఈ ఆదివారం.